కరెంటు కొలువు – నూరేళ్ళ చరిత్ర, మన పిల్లలు

మన సంఘం సంచికలో డాక్టరు చదువు గురించి, ఇంజనీరింగు సీట్ల గురించి, గల్ఫు వీసాల గురించి ఎవరో ఒకరు ఏటేటా వ్రాస్తూనే ఉంటారు. మంచిదే. కాని మన ఇండ్లలో మీట నొక్కగానే వెలిగే దీపం వెనుక ఎంత పెద్ద ఉద్యోగ వ్యవస్థ ఉన్నదో, అది ఎలా పుట్టి ఎలా పెరిగిందో, అందులో మనవాళ్ళ పాలు ఎంతో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే మనకు విద్యుత్ శాఖ గుర్తుకు వస్తుంది. పది నిమిషాలలో వస్తే సంతోషం, గంట దాటితే తిట్లు. ఆ గంటసేపు వానలో స్తంభం ఎక్కి ఉన్నవాడు ఎవరి బిడ్డో మనం అడగం.

చరిత్ర నుంచే మొదలుపెడదాం.

దక్షిణాదిన విద్యుచ్ఛక్తి కథకు తొలి పుట మైసూరు రాజ్యంలో ఉన్నది. కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర 1902లో విద్యుత్ కేంద్రం మొదలైంది. అక్కడ పుట్టిన కరెంటును దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిపించి కోలారు బంగారు గనులకు అందించారు. అంత దూరం కరెంటు ప్రయాణం చేయడం ఆనాటికి ప్రపంచంలోనే గొప్ప విశేషం. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి. ఆ తరువాత 1926 నుంచి 1941 దాకా మైసూరు దివానుగా ఉన్న సర్ మీర్జా ఇస్మాయిల్ కరెంటు పట్నాలలోనే ఆగిపోకూడదని పట్టుబట్టి పల్లెలకు కూడా తీగలు లాగించారు. బృందావనం తోటలోని రంగురంగుల దీపాల ఫౌంటెన్లను మెచ్చుకునే వారంతా ఆయన పేరు తలచుకుంటారు కాని, పల్లెలకు కరెంటు ఇచ్చిన పనే అంతకంటె పెద్దదని నా అభిప్రాయం. ఈ మీర్జా సాహెబే 1946–47లో హైదరాబాదుకు కూడా ప్రధానమంత్రిగా వచ్చారు.

ఇక మన హైదరాబాదు సంగతి. ఏడవ నిజాము కాలంలో, 1920లో, హుస్సేన్ సాగర్ గట్టున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం నెలకొన్నది. చెరువు నీరు యంత్రాలను చల్లబరచడానికి పనికి వచ్చేది. జంటనగరాలకు అరవై ఏళ్ళకు పైగా వెలుగిచ్చి 1983లో అది పని చాలించింది. తరువాత యంత్రాలు విప్పేశారు, పొగ గొట్టాలు కూలగొట్టారు. నేడు నెక్లెస్ రోడ్డు వైపు షికారు పోయే పిల్లలకు అక్కడొక కరెంటు ఫ్యాక్టరీ ఉండేదని చెబితే నమ్మరు. ఒక్క పొగ గొట్టమైనా గుర్తుగా ఉంచి ఉంటే బాగుండేది.

ఆ రోజులలో ఉర్దూలో కరెంటును "బర్ఖ్" అనేవారు. ఆకాశంలో మెరిసే మెరుపుకూ అదే మాట. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూయే బోధనాభాష. 1929లో అక్కడ ఇంజనీరింగు కళాశాల వచ్చింది. ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను తర్జుమా చేయించడానికి, కొత్త పారిభాషిక పదాలు కల్పించడానికి ప్రత్యేకంగా దారుల్ తర్జుమా అనే శాఖను పెట్టారు. సొంత దేశపు భాషలో ఇంజనీరింగు చదువు చెప్పవచ్చని అంత పెద్ద ఎత్తున ఋజువు చేసింది వీళ్ళే. మన పెద్దలు ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. కాని ఆ కళాశాల పుట్టిన ఊరిలోనే నేడు పాతబస్తీ పిల్లలు ఎందరు ఇంజనీరింగు గడప తొక్కుతున్నారని కూడా అడగాలి కదా.

ఆ తరం ఇంజనీర్లలో నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరును మరువలేము. 1877 జూలై 11న పుట్టి, ఇంగ్లండులో ఇంజనీరింగు చదివి వచ్చి, నిజాం రాజ్యంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. మంజీరా మీద నిజాంసాగర్ ఆయన చేతి పని. 1923లో మొదలై 1931లో పూర్తయింది. అది ప్రధానంగా సేద్యపు నీటి కోసం కట్టినదే అయినా, తరువాత 1950లలో అక్కడ జల విద్యుత్ కేంద్రం కూడా ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఆయన పుట్టినరోజునే ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. మన పిల్లలను అడిగి చూడండి, ఎంతమందికి ఈ పేరు తెలుసో!

కోస్తా వైపు కథ వేరు. అది మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పెద్ద జల విద్యుత్ కేంద్రాలు, పైకారా, మెట్టూరు వగైరా అన్నీ తమిళ సీమలోనే కట్టారు. మన వైపు విశాఖపట్నం, బెజవాడ వంటి పట్నాలలో చిన్న చిన్న కేంద్రాలు ఉండేవి. 1955లో ఒరిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ కేంద్రం మొదలయ్యాక గాని కోస్తాకు చెప్పుకోదగ్గ కరెంటు రాలేదు. దాని పూర్తి సామర్థ్యం 114.75 మెగావాట్లు. నేటి లెక్కలో అది చాలా చిన్నది, ఆనాడు మాత్రం అదే పెద్ద ఆస్తి. అడవి కొండల మీదుగా 132 కె.వి. తీగలు లాగిన కూలీలు, మలేరియాతో పోరాడుతూ టవర్లు నిలబెట్టిన మేస్త్రీలు, వీళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు పుట్టింది. మూడు నాలుగు తరాలు "ఎలక్ట్రిసిటీ బోర్డు ఉద్యోగం" అని గౌరవంగా చెప్పుకున్నది దీన్నే. అల్లుడు బోర్డులో ఉన్నాడంటే పెండ్లి సంబంధం సగం కుదిరినట్టే అనుకునేవారు! కొత్తగూడెం, రామగుండం, సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ థర్మల్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. విజయవాడ థర్మల్ మొదటి యూనిట్టు 1979లో నడక మొదలుపెట్టింది. బోర్డు ఛైర్మనుగా దీర్ఘకాలం పనిచేసిన నార్ల తాతారావు గారి పేరే ఇప్పుడు ఆ కేంద్రానికి ఉన్నది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి, 1970లో సిరిసిల్లలో విద్యుత్ సహకార సంఘం మొదలైంది. ఊరూరా మోటారు పంపులు వచ్చాయి. ఒక్కొక్క పంపుతో పాటు ఒక మోటారు మెకానిక్కు, ఒక వైండింగు మిస్త్రీ, ఒక లైన్‌మన్ కూడా పుట్టుకొచ్చారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. గుంటూరు గాని, కర్నూలు గాని, నిజామాబాదు గాని, ఏ ఊరైనా సరే, బస్టాండు వెనుక సందులలోకి వెళ్ళి చూడండి. కాలిన మోటారును విప్పి, పాత రాగి తీగ పీకేసి, గేజి చూసి కొత్త తీగ చుట్టి, వార్నిష్ పూసి ఎండబెట్టే కుర్రవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. ఇంటి వైరింగు చేసేవాళ్ళలోనూ అంతే. తాత చేతి నుంచి అబ్బా చేతికి, అబ్బా చేతి నుంచి కొడుకు చేతికి ఈ విద్య వస్తున్నది. ఏ ఫేజు కాలిందో వాసన చూసి చెప్పగల ఉస్తాదులు ఉన్నారు. కాని ఆ ఉస్తాదు దగ్గర ఒక్క కాగితం ఉండదు. ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు లేదు, వైర్‌మన్ పర్మిట్టు లేదు. విద్యుత్ సంస్థలో లైన్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే పదవ తరగతి, ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐ.టి.ఐ. కావాలి. చేతిలో విద్య ఉండి కాగితం లేక ఆగిపోయినవాడు ఒకరు, కాగితం ఉండి మోటారు విప్పడం రాని వాడు మరొకరు. ఉద్యోగం ఎప్పుడూ రెండవవాడికే వస్తుంది. ఇందులో ప్రభుత్వాన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. పదవ తరగతి కాకముందే పిల్లవాణ్ణి షాపులో కూర్చోబెట్టింది మనమే.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశ జనాభాలో ముస్లిములు అప్పటికి 13.4 శాతం. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, రైల్వేలలో 4.5 శాతం. విద్యుత్ శాఖలో మన స్థితి ఏ మాత్రం మెరుగ్గా ఉన్నదో మీ ఊరి సబ్‌స్టేషన్‌కు వెళ్ళి బోర్డు మీద పేర్లు చదివితే తెలుస్తుంది.

ఇంతకూ గ్రిడ్ అంటే ఏమిటి? చాలామంది అది ఒక పెద్ద తీగ అనుకుంటారు. కాదు. దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నీ, సబ్‌స్టేషన్లన్నీ, ఇళ్ళూ ఫ్యాక్టరీలూ అన్నీ కలిసి ఒకే లయలో నడిచే ఏర్పాటు పేరు గ్రిడ్. ఆ లయ సెకనుకు 50 సైకిళ్ళు. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే 50 నుంచి దిగుతుంది, వాడకం తగ్గితే పెరుగుతుంది. పెళ్ళి విందులో దేగ్ దగ్గర నిలబడ్డ పెద్దమనిషి పంక్తి పంక్తికీ లెక్క చూసుకుంటూ వడ్డించినట్టు, లోడ్ డిస్పాచ్ కేంద్రంలో కూర్చున్న ఇంజనీరు ప్రతి నిమిషం ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచుతుంటాడు. తేడా ఒక్కటే. విందులో మిగిలింది మరునాడు తినవచ్చు, కరెంటును అలా పెద్ద మొత్తంలో నిలవ చేసుకోవడం కష్టం. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టునా కిందికి వదిలిన నీటిని మళ్ళీ పైకి తోడే యంత్రాలు ఉన్నది ఇందుకే. రాత్రి మిగులు కరెంటుతో నీటిని ఎక్కించి, అవసరమైనప్పుడు దింపి వాడుకోవచ్చు.

1964లో ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడ్డాక దక్షిణ రాష్ట్రాలు ఒకదానికొకటి తోడయ్యాయి. కాని దక్షిణ గ్రిడ్ చాలా కాలం విడిగానే ఉండేది. 1980, 90లలో వేసవి సాయంత్రాలు ఆ 50 సైకిళ్ళు 48 దరిదాపులకు దిగిపోతుండేవి. ఎవరికి వారే ఎక్కువ లాగేసుకోవడం దానికి కారణం. 2003 జనవరిలో దక్షిణాన కొత్త టారిఫ్ పద్ధతి వచ్చింది. గ్రిడ్ నీరసంగా ఉన్నప్పుడు హద్దు దాటి వాడుకున్న రాష్ట్రం ఎక్కువ ధర చెల్లించాలి. అంతే, అందరికీ క్రమశిక్షణ వచ్చేసింది! జేబుకు తగిలితేనే మనిషికి బుద్ధి వస్తుందన్నది రాష్ట్రాలకూ వర్తిస్తుందన్నమాట.

2012 జూలై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. దాన్ని నిలబెట్టారో లేదో, 31న మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. దాదాపు 60 కోట్ల మంది చీకటిలో పడ్డారు. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. మనకు దెబ్బ తగలలేదు, ఎందుకంటే దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. డైరెక్ట్ కరెంటు లింకుల ద్వారా మాత్రమే ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూరు 765 కె.వి. లైనుతో దక్షిణం కూడా కలిసింది. అప్పటి నుంచి కాశ్మీరు మొదలు కన్యాకుమారి దాకా ఒకే గ్రిడ్. ఇప్పుడు కడపలో ఫ్యాను తిరిగే లయ, కలకత్తాలో ఫ్యాను తిరిగే లయ ఒక్కటే.

కరోనా రోజులు గుర్తున్నాయా? 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆర్పింది. ఒక్కసారిగా దాదాపు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది. అనుకున్నదాని కంటే రెట్టింపు పైనే. ఆ తొమ్మిది నిమిషాలూ జల విద్యుత్ కేంద్రాలను వెంటవెంటనే తగ్గించి, మళ్ళీ పెంచి గ్రిడ్ పడకుండా కాపాడారు. బయట జనం దీపాలు పట్టుకుని నిలబడితే, కంట్రోల్ రూముల్లో ఇంజనీర్లు మీటర్ల మీద నుంచి కన్ను తిప్పలేదు. మరునాడు వాళ్ళ గురించి మాట్లాడుకున్నవాళ్ళు తక్కువే.

విద్యుత్ బోర్డు చరిత్రకు తిరిగి వస్తే, 1999 ఫిబ్రవరి 1న అది జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండుగా చీలింది. 2000లో పంపిణీ కోసం నాలుగు కంపెనీలు వచ్చాయి. 2014లో రాష్ట్రమే రెండయ్యింది. తెలంగాణ సంస్థలు 2015 జూన్‌లో 1,157 మంది ఉద్యోగులను స్థానికత పేర రిలీవ్ చేశాయి. ఎటువాళ్ళమో తెలియక ఆ కుటుంబాలు కొన్ని సంవత్సరాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. సుప్రీం కోర్టు నియమించిన ధర్మాధికారి కమిటీ దాకా పోయింది వ్యవహారం. "గవర్నమెంటు కొలువు, ఇక చింత లేదు" అనుకునేవాళ్ళు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

అంతకంటె పెద్ద సంగతి ప్రాణం. ఈ కొలువు గొప్పతనం చెప్పి ప్రమాదం దాచడం న్యాయం కాదు. లైను మీద చెయ్యి వేసేముందు సబ్‌స్టేషను నుంచి ఎల్.సి. తీసుకోవాలి, అంటే లైన్ క్లియర్. ఆ ఫీడరు ఆపి, ఏ.బి. స్విచ్చి తెరిచి, తీగలు చచ్చాయో లేదో చూసి, పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్తు చేసి, అప్పుడు ఎక్కాలి. ఒక్క మెట్టు వదిలేసినా మనిషి మిగలడు. ఫీడరు ఆపినా, ఎవరో షాపువాడు జనరేటరు పెట్టి మెయిన్ స్విచ్చి తియ్యకపోతే వెనక నుంచి కరెంటు వచ్చి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కాబట్టి ఇంట్లో జనరేటరు, ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఛేంజ్ ఓవర్ స్విచ్చి పెట్టించుకోండి. స్తంభం మీద ఉన్నవాడూ ఒకరి బిడ్డే.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచాయి. తొమ్మిది మంది పోయారు. వారిలో యువ అసిస్టెంట్ ఇంజనీర్లు ఉన్నారు, ఒక యువతి కూడా ఉంది. ఇక తుఫానుల సంగతి వేరే చెప్పాలా? 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డ హుద్‌హుద్ – ప్రతిసారీ వేల స్తంభాలు నేలకు వాలాయి. తీగ తెగిన చోటికి ముందుగా వెళ్ళేది విద్యుత్ సిబ్బందే. హుద్‌హుద్ తరువాత ఇతర జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా మనుషులు వచ్చి రాత్రింబవళ్ళు పనిచేశారు.

ఇన్ని కష్టాలు చెప్పి ఇది మంచి కొలువని ఎందుకంటున్నానంటే, ఇందులో మనిషి పనికి ఫలితం కంటికి కనబడుతుంది. అర్ధరాత్రి ఫ్యూజు వేసి వస్తే ఆసుపత్రిలో లైటు వెలుగుతుంది. రంజాను సహరీ వేళకు మొహల్లాలో చీకటి ఉండదు. ఎవరి చేతి నుంచి లంచం లేకుండా, ఎవరినీ మోసం చెయ్యకుండా హలాల్ సంపాదన తెచ్చుకోవడానికి వీలున్న ఉద్యోగం. లంచం తినేవాడు ఈ శాఖలో లేడని కాదు, తినకుండానే బ్రతకవచ్చునని చెబుతున్నాను. ఐ.టి.ఐ.తో జూనియర్ లైన్‌మన్‌గా చేరినవాడు లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టరు దాకా పోవచ్చు. డిప్లొమాతో సబ్ ఇంజనీరు. బి.ఇ., బి.టెక్.తో అసిస్టెంట్ ఇంజనీరు, అక్కడి నుంచి ఏ.డి.ఈ., డి.ఈ., ఎస్.ఈ., చీఫ్ ఇంజనీరు. లెక్కలు వచ్చినవాళ్ళకు అకౌంట్సు విభాగం ఉంది. పవర్ గ్రిడ్, ఎన్.టి.పి.సి. వంటి కేంద్ర సంస్థలు ఇంజనీర్లను గేట్ పరీక్ష మార్కుల మీద తీసుకుంటున్నాయి. కర్నూలు జిల్లాలో 2017 నాటికే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. పగలు ఎండ కరెంటు కుండపోతగా వచ్చి, మగ్రిబ్ అజాన్ వేళకు ఒక్కసారిగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో లైట్లు వేస్తారు. ఈ లోటును పూడ్చే పని ముందు ముందు ఇంకా కష్టమవుతుంది, దానికి చదువుకున్న బుర్రలు కావాలి.

మన ఆడపిల్లల సంగతి కూడా ఒక మాట. తెలంగాణలో లైన్‌మన్ పోస్టులకు స్త్రీలు అర్హులు కారని నోటిఫికేషన్ ఇస్తే, కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, చివరకు 2022లో కొలువు సంపాదించారు. స్తంభం ఎక్కడం మాటెందుకంటారా, సరే. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో లాగ్ షీటు వ్రాయడానికి, డిజైన్ సెక్షన్‌లో పని చేయడానికి, లోడ్ డిస్పాచ్‌లో కూర్చోవడానికి మన అమ్మాయిలకు ఏం తక్కువ? డిప్లొమాలో ఎలక్ట్రికల్ బ్రాంచి "మగపిల్లల బ్రాంచి" అని వద్దనే తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఇక కాగితాల విషయం. 2007 చట్టం ప్రకారం ముస్లిములలో వెనుకబడిన వర్గాలకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉంది. దీని మీద కోర్టులో వివాదం నడుస్తున్నా, 2010 నాటి సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల అమలు సాగుతున్నది. సయ్యద్, పఠాన్, మొగల్, అరబ్ మొదలైనవారు ఇందులో రారు, వారిలో ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళు ఇ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. చాలామంది నోటిఫికేషన్ పడ్డాక గాని కుల ధృవీకరణ కోసం తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తరు, అప్పటికి గడువు దాటిపోతుంది. పదవ తరగతి మెమోలో పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరొక రకంగా ఉండడం మనవాళ్ళలో సర్వసాధారణం. షేక్ అని ఒకచోట, ఎస్.కె. అని ఇంకొకచోట, మహమ్మద్ అని ఒకచోట, ఎం.డి. అని మరొకచోట! వీటిని ఇప్పుడే సరిచేయించుకోవాలి.

జకాత్ సొమ్ములో కొంత భాగం అర్హులైన బీద పిల్లల ఐ.టి.ఐ. ఫీజుకు, అప్రెంటిస్‌షిప్ కాలంలో బస్సు పాసుకు, టూల్ కిట్టుకు ఇవ్వవచ్చునా అని ఉలమాలను అడిగి సంఘం నిర్ణయించాలని నా మనవి. వైండింగు షాపులలో పనిచేస్తూ పదవ తరగతి తప్పిన పిల్లల పేర్లు మొహల్లావారీగా వ్రాసి ఇస్తే, ఓపెన్ స్కూలు ద్వారా పరీక్ష కట్టించే ఏర్పాటు చూడవచ్చు. ఈ సంచిక చదివిన వారిలో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దలు ఉంటే, ఆదివారం అసర్ నమాజు తరువాత ఒక గంట ఈ పిల్లలకు కేటాయించగలరేమో సంఘం కార్యదర్శిగారికి తెలియజేయండి.